మూడో గీత

ఆ వేసవిలో మా నాన్న మళ్ళీ ఈల వేయడం మొదలుపెట్టాడు. నేను కాలేజీలో చేరిన ఏడాది ఆగిపోయిన ఈల అది. మధ్యలో పదకొండేళ్ళు గడిచాయి. ఒక ఆదివారం పొద్దున్న మేడమీద బట్టలు ఇస్త్రీ చేసుకుంటుంటే కింద నాన్న బండ్లు బాగుచేసే షెడ్డులోంచి వినబడింది. ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి కిటికీలోంచి తొంగిచూశాను. కారు కింద నుంచి రెండు జతల కాళ్ళు బయటికి ఉన్నాయి. ఒకటి నాన్నది, మడమ దగ్గర అరిగిన రబ్బరు చెప్పులతో. రెండోది తమ్ముడిది.

ఒకప్పుడు ఆ రెండో జత నాది.

ఆ కారు అంతకుముందు ఒక పళ్ళ డాక్టరుది. రెండే తలుపులు, రెండే సీట్లు, నేలకు జానెడు ఎత్తు. దిగినప్పుడల్లా నడుం పట్టేస్తోందని ఆయన అమ్మకానికి పెడితే, సరుకుల వ్యాను నడిపి కూడబెట్టుకున్నదంతా పోసి తమ్ముడు కొన్నాడు. వేసవి చివర ఊరి బయట కొండ రోడ్డు మీద పందెం ఉంటుంది. ఒక్కో కారునీ విడిగా వదిలి, కిందనుంచి పైదాకా ఎంతసేపట్లో ఎక్కిందో చూస్తారు. అందులో నడపాలని వాడి కోరిక. డాక్టరుగారు వాడినట్టే ఉంచితే అది కొండ ఎక్కదు, సగంలో ఆయాసపడుతుంది. అందుకని కంపెనీ ఇచ్చిన భాగాలు ఒక్కొక్కటే తీసేసి, బయట దొరికే మెరుగైనవి బిగించడం మొదలుపెట్టారు.

వారానికో పెట్టె వచ్చేది. మొదట ఒంటిని గట్టిగా పట్టుకునే సీట్లు వచ్చాయి. తర్వాత సైలెన్సరు. తర్వాత పొట్టి స్ప్రింగులు. ప్రతి పెట్టెనీ భోజనాల బల్ల మీదే విప్పేవాళ్ళు.

"కన్నబిడ్డలకి జ్వరమొస్తే ఇన్నిసార్లు లేచి చూడలేదు ఈయన. ఆ ఇనప్పిల్లకి మాత్రం పూటకోసారి ఒళ్ళు తుడుస్తున్నాడు" అనేది అమ్మ, కూర గిన్నె పెట్టడానికి చోటు వెతుక్కుంటూ.

"పిల్ల కాదే, మనవరాలు" అనేవాడు నాన్న.

"అవునా? మరి ఆ మనవరాలి సైలెన్సరు నా బల్ల మీంచి తియ్యండి, అన్నం పెడతాను."

అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని. నా నవ్వు మాత్రం గొంతు దాటి కిందికి దిగేది కాదు.

మా షెడ్డులో ఒక పద్ధతి ఉంది. నట్టు బిగించినవాళ్ళు దాని మీద తమ రంగుతో ఒక గీత గీయాలి, నట్టు మీద మొదలై పక్కనున్న ఇనుము మీదికి పాకేలా. నట్టు ఏమాత్రం కదిలినా గీత విరిగిపోతుంది, ఒక్క చూపులో తెలిసిపోతుంది. తర్వాత ఇంకొకరు వచ్చి సరిచూసి, ఆ పక్కనే రెండో గీత గీయాలి. రెండూ పడనిదే బండి గుమ్మం దాటదు. "మన చేతిని మనమే మెచ్చుకోకూడదు" అనేవాడు నాన్న. ముప్పై ఏళ్ళలో మా షెడ్డు నుంచి వెళ్ళిన ఏ బండి చక్రమూ ఊడలేదు.

నాన్నది ఎర్రరంగు. నాది గులాబీ, అమ్మ గోళ్ళరంగు సీసా. నాకు ఏడేళ్ళప్పటి నుంచీ ఆయన బండి కిందికి దూరితే పక్కనే నేనూ దూరి చేతి లైటు పట్టుకునేదాన్ని. ఆయన నట్టును ముందు వేళ్ళతోనే తిప్పేవాడు. ఎన్ని చుట్లు తిరిగిందో నేను పైకి లెక్కపెట్టాలి. "ఏడు చుట్లకి ముందే బిగిసిందా, దాన్ని నమ్మకు" అని నేర్పాడు. నాకు అంకెలు బళ్ళో రాలేదు, నట్ల మీద వచ్చాయి. ఆ రోజుల్లో నాన్న నన్ను పేరుతో పిలవడం మర్చిపోయాడు. "లైటూ, ఇటు పట్టమ్మా" అనేవాడు. వీధిలో వాళ్ళు కూడా నన్ను లైటు అనే పిలిచేవాళ్ళు.

ఇంజనీరింగులో సీటు వచ్చిన రోజు నాన్న ఆ లైటు నా చేతిలోంచి తీసుకుని గోడ కొక్కేనికి తగిలించాడు. "ఇక నీ చేతులకి మసి అంటకూడదు తల్లీ" అన్నాడు. మా రెండు వైపుల చుట్టాల్లోనూ కాలేజీ గుమ్మం తొక్కినవాళ్ళలో నేనే మొదటిదాన్ని. దాన్ని గౌరవమనుకున్నాను. బుద్ధిగా చదివాను. వాహనాల తనిఖీ కేంద్రంలో ఉద్యోగం తెచ్చుకున్నాను. రోజుకు నలభై బండ్లు చూసి, రోడ్డెక్కడానికి పనికొస్తాయో లేదో కాగితం మీద రాస్తాను. నాన్న నన్ను ఇప్పుడు "ఆఫీసరమ్మ" అంటాడు. నలుగురిలో గర్వంగానే అంటాడు. కానీ ఆఫీసరమ్మని ఎవరూ బండి కిందికి రమ్మని పిలవరు.

మొదట్లో తమ్ముడు పెట్టెల్లో వచ్చే కాగితాలు పైకి తెచ్చి చదివి చెప్పమనేవాడు. చదివేదాన్ని. చదివి ఊరుకుంటే బాగుండేది.

"ఈ స్ప్రింగులు వేస్తే లైట్ల ఎత్తు మళ్ళీ సరిచూడాలి. సైలెన్సరు మోతకి హద్దుంది, అది దాటితే నేనే తిప్పి పంపాలి. అసలు ఇవన్నీ మార్చేముందు..."

"అక్కా, నేను చదవమన్నాను, తీర్పు చెప్పమనలేదు" అనేవాడు తల గోక్కుంటూ.

మూడో పెట్టె తర్వాత కాగితాలు పైకి రావడం ఆగిపోయింది.

నేను వాళ్ళిద్దర్నీ కనిపెట్టి చూడటం అప్పుడు మొదలైంది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, తిన్నది అరిగేది కాదు. షెడ్డు వెనక మెట్లు దిగేటప్పుడు నాన్న వాడి భుజం మీద చెయ్యి వేసి దిగేవాడు. నా భుజం మీద ఆ చెయ్యి ఎప్పుడు పడిందో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించేదాన్ని. చిన్న మరలన్నీ నాన్న వాడికే ఇచ్చేవాడు, "నువ్వు పెట్టరా, నీ చెయ్యి తిరగాలి" అంటూ. నా చేతైతే, పదేళ్ళ పిల్లనని కూడా చూడకుండా, తప్పు పెడితే మళ్ళీ విప్పించేవాడు. వీడు పదో తరగతి మూడుసార్లు తప్పాడు. వీడికి ఆ చెయ్యి, ఆ ఈల, ఆ ఓపిక. నాకు గోడకి తగిలించిన లైటు.

ఒక సాయంత్రం టీ పట్టుకుని కిందికి వెళ్ళాను. సైలెన్సరు బిగించాక ఇంజను ఆన్ చేసి నాన్న కళ్ళు మూసుకుని వింటున్నాడు.

"ఎడమ పక్క గాలి పోతోంది, చిన్నగా. విన్నావా?"

"లేదు నాన్నా."

"ఇటు రా, ఇక్కడ చెవి పెట్టు. ఇప్పుడు?"

"ఆ! ఉస్సుమంటోంది, పాముపిల్లలాగా!"

నాకు మెట్ల మీద ఉండగానే వినబడింది. టీ గ్లాసులు పనిముట్ల బల్ల మీద పెట్టాను. నాన్న గ్లాసు కోసం చెయ్యి చాపి, రెండంగుళాల పక్కన గాలిని పట్టుకున్నాడు. తమ్ముడు చటుక్కున గ్లాసు ఆయన చేతికి అందించాడు. మాట కూడా అక్కర్లేకుండా అర్థం చేసుకుంటున్నారు చూడు అనుకుని, మండుకుంటూ మెట్లెక్కాను.

చివరగా చక్రాలు వచ్చాయి. వెడల్పువి. వాటితో పాటు చిటికెనవేలి మందాన అల్యూమినియం బిళ్ళలు. చక్రానికి వెనక ఆ బిళ్ళ పెడితే చక్రం బయటికి జరిగి, మలుపుల్లో కారు కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డట్టు నిలబడుతుంది. గురువారం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి చక్రాలు బిగించేసి, ఇద్దరూ స్నానాలకి పోయారు. షెడ్డులో ఎవరూ లేరు. కారు చుట్టూ ఒకసారి తిరిగాను. అందంగా ఉంది. నిజం చెప్పాలి, చాలా అందంగా ఉంది. ఆ అందంలో నా వేలుముద్ర ఒక్కటి కూడా లేదు.

అలవాటు కొద్దీ ముందు చక్రం దగ్గర వంగాను. నట్టు సరిగ్గా ఎక్కితే దాని నోట్లో బోల్టు కొస మెరుస్తూ కనిపించాలి. ఇక్కడ నోరు తెరిచి ఉంది, లోపల చీకటి. బిళ్ళ మందం తినేసింది. బోల్టు అంతే పొడవుంది, చక్రం మాత్రం బయటికి జరిగింది. నట్టు నాలుగు చుట్లకంటే ఎక్కువ పట్టి ఉండదు. తమ్ముడు కొత్తగా కొన్న గాలి తుపాకీతో, అదే గాలి ఒత్తిడితో నట్లు తిప్పే మిషనుతో బిగించాడు. అది టక్కుమని బిగిస్తుంది, లెక్కపెట్టదు. నట్టు మీద వాడి పసుపు గీత ఉంది. దాని పక్కన ఉండాల్సిన నాన్న ఎర్ర గీత నట్టు మీద లేనే లేదు. వేలెడు దూరంలో, చక్రం మీద ఊరికే పడి ఉంది.

వాడి పని కాబట్టి గీత ఎక్కడ పడ్డా చెల్లుతుంది కాబోలు అనుకున్నాను. అంతే అనుకున్నాను.

బిళ్ళల పెట్టెలో మడత విప్పని కాగితం ఉంది. చదివాను. పొడుగు బోల్టులు వేయకుండా వాడరాదు అని రెండో వాక్యంలోనే ఉంది. మళ్ళీ అదే మడత మీద మడిచి పెట్టేశాను. అడిగితే చెబుదాం. ఆదివారం దాకా కారు కదలదన్నారు కదా. అడగనీ.

శుక్రవారం ఆఫీసులో ఒక పాలవ్యానును తిప్పి పంపాను. వెనక చక్రానికి ఒక నట్టు తక్కువ. డ్రైవరు బతిమాలాడు, "ఒక్క నట్టే కదమ్మా!" నేను అతనికి ఒక్క నట్టు విలువ ఏమిటో ఐదు నిమిషాలు చెప్పాను. నా గొంతు నాకే బాగా వినబడింది.

ఆ రోజు భోజనాల దగ్గర మాట కదిపాను. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు, సరే, నేనే ఒక మెట్టు దిగుదామనుకున్నాను.

"చక్రాలు ఒకసారి నేను చూడనా?"

తమ్ముడు ముద్ద నోట్లో పెట్టుకుంటూ అన్నాడు, "ఎందుకక్కా? అక్కడ సంతకం పెట్టడానికి కాగితం కూడా లేదు."

"వద్దురా బాబూ" అన్నాడు నాన్న. "ఆఫీసరమ్మ చూసిందంటే మన కారు కొండెక్కదు, ఫైలెక్కుతుంది."

ఇద్దరూ పొలమారేలా నవ్వారు. అమ్మ కూడా పమిట అడ్డం పెట్టుకుంది. పెద్ద మాటేం కాదు. మా ఇంట్లో రోజూ దొర్లే మాటలే. నేను మంచినీళ్ళు తాగాను. చెప్పాలనుకున్నది ఆ నీళ్ళతో పాటే లోపలికి పోయింది.

శనివారం మధ్యాహ్నం ఇంజను మోత విని బాల్కనీలోకి వచ్చాను. కారు గేటు దాటుతోంది. తమ్ముడు నడుపుతున్నాడు. పక్క సీట్లో నాన్న, కొత్త బెల్టు భుజానికి అడ్డంగా బిగించుకుని, బడికి పోయే పిల్లాడిలా కూర్చున్నాడు. రేపటిదాకా ఆగలేకపోయారు.

పిలవచ్చు. బాల్కనీ నుంచి గేటు ముప్పై అడుగులు. నోరు తెరిచాను. మలుపు దగ్గర నాన్న ఈల వినబడింది. కారు తిరిగిపోయింది.

తర్వాత గంటా పది నిమిషాలు నేనేం చేశానో అడిగితే చెప్పలేను. అమ్మ నాలుగుసార్లు పిలిచిందట. ఫోను చేస్తే తమ్ముడిది బల్ల మీదే మోగింది.

వాళ్ళు నడిచి వచ్చారు. నాన్న చెయ్యి తమ్ముడి భుజం మీద ఉంది. నాన్న జేబురుమాలు బల్ల మీద పరిచాడు. అందులో ఒక నట్టు ఉంది. లోపలి మరలు చెక్కేసినట్టు పోయాయి.

"కొండ మొదటి మలుపు ఇంకా వంద గజాలు ఉందనగా నాన్న ఆపమన్నాడు" అన్నాడు తమ్ముడు. వాడి పెదాలు ఎండిపోయి ఉన్నాయి. "నాకేం తెలియలేదమ్మా. దిగి చూస్తే ముందు చక్రానికి రెండు నట్లు లేవు. మూడోది వేలితో వచ్చేసింది. ఆ మలుపు తిరిగుంటే..."

"చక్రం గొంతు మారింది" అన్నాడు నాన్న. "అది వినబడింది."

అమ్మ నట్టు వైపు చూసింది, కొళాయి కట్టేసింది, మళ్ళీ నట్టు వైపు చూసింది.

"తప్పు నాది" అన్నాడు తమ్ముడు. "గాలి తుపాకీతో బిగించాను, లెక్కపెట్టలేదు. నాన్న గీత పడింది కదా, ఇక చూడక్కర్లేదనుకున్నాను."

"కాదురా, గీత నాది. నీ పసుపు కనబడింది, వేళ్ళతో లెక్కపెట్టే ఉంటాడులే అని నేను గీసేశాను. నట్టు నాకు కనబడందే!" నాన్న అరచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. "ఆర్నెల్ల నుంచీ అంతా పొగమంచులా ఉంది. మెట్లు కూడా వీడి భుజం పట్టుకునే దిగుతున్నాను. చెబితే షెడ్డు మూయమంటారని చెప్పలేదు. తప్పు నాదే."

"నువ్వు ఊరుకో నాన్నా, నాదే."

"నాదంటుంటే!"

నేను తలుపు పక్కన నిలబడ్డాను. భుజం మీద చెయ్యి, వాడికిచ్చిన చిన్న మరలు, గాలిని పట్టుకున్న వేళ్ళు, అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. అంతా అర్థమయ్యాక కూడా, దేవుడి మీద ఒట్టు, నాకు కుళ్ళు పుట్టింది. తప్పును కూడా వాళ్ళిద్దరే పంచుకుంటున్నారు. అందులో కూడా నాకు వాటా లేదు.

"నేను గురువారమే చూశాను" అన్నాను.

తమ్ముడు నా వైపు తిరిగాడు. కోపంగా చూస్తాడనుకున్నాను. వాడి ముఖంలో కోపం లేదు, లెక్క చేసుకుంటున్నవాడిలా ఉన్నాడు. గురువారం, శుక్రవారం, శనివారం.

"కారులో నాన్న ఉన్నాడక్కా" అన్నాడు.

అంతే. లేచి చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు. నాన్న బల్ల మీద నట్టును వేలితో నెమ్మదిగా దొర్లించాడు, ఇటూ అటూ. తర్వాత నా వైపు చూశాడు, ఆయనకు నేను ఎంత కనిపించానో తెలియదు.

"నవ్వకుండా ఉండాల్సింది" అన్నాడు. "నిన్న."

ఆ ఒక్క మాట అనకుండా ఉంటే బాగుండేది. తిట్టి ఉంటే ఇంకా బాగుండేది.

పొడుగు బోల్టులు వారానికి వచ్చాయి. ఆ వారమంతా తమ్ముడు నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. ఆదివారం పొద్దున్న నేను ఇస్త్రీ చేస్తుంటే అమ్మ వచ్చి గోళ్ళరంగు సీసా బల్ల మీద పెట్టింది. "కొత్తది. మూత కూడా విప్పలేదు. నువ్వు వాడేస్తావని ఈసారి దాచలేదులే, తీసుకో" అంది.

కిందికి వెళ్ళాను. గాలి తుపాకీ గోనెసంచిలో చుట్టి మూల పెట్టి ఉంది. నాన్న గోడ కొక్కెం తడిమి, లైటు తీశాడు. నేను చెయ్యి చాపాను.

"ఇది నేను పడతాను" అన్నాడు. "నువ్వు చూడు."

ఆయన మోకాళ్ళ మీద కూర్చుని లైటు పట్టుకున్నాడు. తమ్ముడు నట్టును వేళ్ళతో తిప్పుతూ పైకి లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. తొమ్మిది దగ్గర బిగిసింది. నట్టు నోట్లో బోల్టు కొస మెరిసింది. పానాతో బిగించి పసుపు గీత గీశాడు. నేను పానా తీసుకుని సరిచూశాను. గులాబీ గీత గీశాను. నా చేతికి మసి అంటింది. పదకొండేళ్ళ తర్వాత.

తర్వాతి నట్టుకి జరిగాను. వెనక చప్పుడైతే తల తిప్పి చూశాను. నేను వదిలిన నట్టు దగ్గర తమ్ముడు వంగి, పానా పెట్టి మళ్ళీ ఒకసారి లాగి చూసి, నా గులాబీ గీత పక్కన ఇంకో పసుపు గీత గీస్తున్నాడు.

నేను ముందున్న నట్టు వైపు తిరిగాను. ఇరవై నట్లకీ అలాగే జరిగింది.

కొండ పందెంలో ముప్పై నాలుగు కార్లలో మా కారు పదకొండోది వచ్చింది. "పదోది ఎందుకు రాలేదు?" అని అమ్మ అడిగింది, జన్మలో పందెం అనేదే చూడకపోయినా. తమ్ముడు ఆ రాత్రి అన్నం తింటూ ప్రతి మలుపూ చేతులతో చూపించాడు. నాకూ చూపించాడు.

వానలు మొదలయ్యే వేళకి నాన్న కళ్ళకు ఆపరేషను అయింది. కట్టు విప్పాక ఇంటికి రాగానే తిన్నగా షెడ్డులోకి నడిచాడు, ఎవరి భుజం పట్టుకోకుండా. కారు చుట్టూ తిరిగాడు. రంగు ఇంత నీలమా అని ఆశ్చర్యపోయాడు. ముందు చక్రం దగ్గర వంగి నట్టును దగ్గరగా చూశాడు.

"ఇదేమిట్రా? పసుపు, గులాబీ, మళ్ళీ పసుపు. మన దగ్గర రెండే కదా?"

తమ్ముడు పాతగుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు. తుడుస్తూనే ఉన్నాడు.

"మూడోది దేనికి?" అన్నాడు నాన్న మళ్ళీ. ఈసారి నన్ను అడిగాడు.

"ఉంటే మంచిదే నాన్నా" అన్నాను.

ఇప్పటికీ మా షెడ్డులోంచి వెళ్ళే ప్రతి బండికీ మూడు గీతలు ఉంటాయి. తమ్ముడు మూడోది గీస్తున్నప్పుడు నేను లేచి వెళ్ళిపోను. అక్కడే కూర్చుని లైటు పడతాను.